పరుగు మీట

కింద టైర్ల దుకాణం, దాని మీద మూడో అంతస్తులో ఆటలకు వయసు ముద్రలు వేసే కార్యాలయం. ఆటలంటే బంతాటలు కావు, కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఆడుకునేవి. ఏ ఆట పసివాళ్ళకు, ఏది పదహారు దాటినవాళ్ళకు, ఏది పద్దెనిమిది నిండితే తప్ప ముట్టుకోకూడనిది అని ఆడి చూసి చెప్పటం అక్కడివాళ్ళ పని. ఆ పనిలో పండిపోయిన మనిషిని అందరూ ముద్రమ్మ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన్ని అడిగినా కాసేపు ఆలోచించి చెబుతాడు.

ముద్రమ్మ పెద్ద చదువులు చదివి ఈ కుర్చీలోకి రాలేదు. వయసులో ఉన్నప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్లో కూర్చునేది. తల్లీ తండ్రీ వెంటవెంటనే పోయి, స్కూలుకెళ్ళే చెల్లెలు చేతికి మిగిలింది. చెల్లెలికి జడ వేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది, క్యాసెట్లు వెనక్కి తిప్పుతూ అన్నం తినేది. ఏ సినిమానూ కూర్చుని పూర్తిగా చూసిన పాపాన పోలేదు. వేగంగా తిప్పి చూసి, "ఇది పిల్లలతో కలిసి చూడకండి, రెండో సగంలో ఆ హీరో తేడాగా ఉంటాడు" అని ఇంటిపెద్దలకు చెప్పేది. ఒక్కసారీ తప్పేది కాదు. ఆ కొట్టుకు వచ్చే ఒకాయన ఈ కార్యాలయం తెరిచినప్పుడు ఆమెను గుర్తుపెట్టుకుని పిలిచాడు. ఆయనే ఇప్పటి ఆఫీసరుగారు.

అలా ఆమెకు ఒక గర్వం పట్టుకుంది. చెడ్డ మగవాణ్ణి మూడు మాటల్లో పట్టేస్తానని. ప్రేమకథల ఆటలన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. చెల్లెలి పెళ్ళి కూడా ఒకరకంగా ఆమె బల్ల మీదికే వచ్చింది. చెల్లెలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. బ్రేకు బదులు ఇంకోటి తొక్కినవాడికి రోడ్డు మీదే అష్టోత్తరం చదివేది. అలాంటి పిల్ల ముప్ఫై దాటాక కళ్ళజోళ్ళ దుకాణం ఆయన్ని ఇష్టపడింది. ఆయన వచ్చి ముద్రమ్మ ఎదురుగా కూర్చుని, మంచినీళ్ళు సగం తాగి, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టాడు. గొంతు పెంచలేదు. ఒక్క మోటమాట లేదు. ముద్రమ్మ ఆయన్ని తేరిపార చూసి, కళ్ళు మూసుకుని చేసుకోవచ్చు అని చెల్లెలితో చెప్పింది. పెళ్ళయి మూడేళ్ళయింది.

ఇప్పుడు ఆ మరిది దుకాణం అమ్మేశాడు. ఎక్కడో కొండల మీద ఇల్లు తీసుకున్నాడట. ఆదివారం సామాను లారీ ఎక్కుతుంది. అక్కడ ఫోన్లు సరిగ్గా పనిచేయవని, ప్రశాంతంగా ఉంటుందని ఆయనే చెప్పాడు. ముద్రమ్మ సంతోషించింది. ఈ కథలో పోయేదంటూ ఏదైనా ఉంటే అది ఆ చెల్లెలే. ముద్రమ్మకు ఆ సంగతి అప్పటికి తెలియదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను అనొద్దు.

చెల్లెలు రోజూ పొద్దున ఫోన్ చేసేది. ముద్రమ్మ అప్పుడు బస్సులో ఉంటుంది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో టికెట్టుకు చిల్లర వెతుక్కుంటూ, దిగాల్సిన చోటు వచ్చిందా అని కిటికీలోంచి చూస్తూ మాట్లాడేది. మాట్లాడేది అనటం కూడా ఎక్కువే. బాగానే ఉన్నానక్కా, తిన్నానక్కా, ఆయన బాగా చూసుకుంటున్నారక్కా అని అటునుంచి వచ్చేది. ఊఁ, మంచిది, సరేలే అని ఇటునుంచి వెళ్ళేది. రోజూ ఉండే మాటలే కదా అని ముద్రమ్మ అనుకునేది. ఇది మీరూ నేనూ కూడా చేసేదే కాబట్టి ఆమెను ఇప్పుడే తప్పుపట్టటం న్యాయం కాదు.

ఆ వారం ఆమె బల్ల మీదికి ఒక ఆట వచ్చింది. దాని పేరు చెప్పను, చెబితే కొనుక్కుంటారు. విజువల్ నవల అంటారు అలాంటివాటిని. తెర మీద ఒక బొమ్మ ఉంటుంది, కింద మాటలు వస్తుంటాయి, పక్కనుంచి గొంతు వినిపిస్తుంది. అక్కడక్కడా కథ ఆగి, ఇప్పుడు ఏమంటావు అని రెండు మూడు జవాబులు చూపిస్తుంది. నువ్వు ఎంచుకున్నదాన్నిబట్టి కథ ఒక దారి పడుతుంది. దారికో ముగింపు. ఈ ఆటలో ఆడేవాడు మగవాడు. పడవల రేవులో టికెట్లు అమ్మే ఒక అమ్మాయిని ప్రేమించి, మెప్పించి, ఇంటికి తెచ్చుకోవాలి. పడగ్గది ఘట్టాలు ఉన్నాయి. తయారుచేసినవాళ్ళు పదహారేళ్ళ ముద్ర కావాలని అడిగారు. శుక్రవారానికి తేల్చేయమని ఆఫీసరుగారు అన్నారు.

ఇలాంటివి పరీక్షించటానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. నల్లని తెరలు దించిన గదిలో రెండు కుర్చీలు. మొదటి కుర్చీ ఆడుతుంది, రెండో కుర్చీ రాసుకుంటుంది. ఒక్క జవాబు కూడా వదలకుండా, తాము జన్మలో అనని మాటలైనా సరే ఎంచుకుని, అన్ని దారులూ తొక్కాలి. దారి చీలిన ప్రతిచోటా ఆటను భద్రం చేసుకుని పెట్టుకోవాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళటానికి. అయితే అన్ని దారుల్లోనూ ఒకే ఘట్టాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కదా, వాటిని ఎవరు చదువుతారు? అందుకని ఒక మీట ఉంటుంది. అది నొక్కి పట్టుకుంటే చదివినవో కానివో చూడకుండా మాటలన్నీ జలజలా పారిపోయి, కొత్త జవాబు దగ్గరే కథ ఆగుతుంది. బయట స్కిప్ బటన్ అంటారు. ఆ కార్యాలయంలో దాని పేరు పరుగు మీట. ముద్రమ్మ బొటనవేలు దాని మీద పడిందంటే తెర మీద మాటలు చినుకుల్లా రాలేవి. అంత వేగం మిగతావాళ్ళెవరికీ లేదు.

రెండో కుర్చీ మాస్టారిది. ఒకప్పుడు రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పడగ్గది ఘట్టం రాగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు, ఘట్టం అయిపోయేదాకా ఆ అద్దాలకు మురికి వదిలేది కాదు. "అయిపోయిందాండీ?" అని అడిగి మళ్ళీ పెట్టుకునేవాడు. ముద్రమ్మ ఏమేం కనిపించాయో కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పేది, ఆయన తలవంచుకుని రాసుకునేవాడు.

ఈ ఆట వాళ్ళిద్దరికీ సులువుగానే అనిపించింది. రక్తం లేదు, బూతులు లేవు, చెయ్యెత్తటం లేదు. పడగ్గదిలో దీపం ఆర్పేస్తారు. అందులోని మగవాడు మహా మర్యాదస్థుడు. అతని జవాబులన్నీ తియ్యగానే ఉన్నాయి. నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాను. చలిగా ఉంది, ఇవాళ ఇంట్లోనే ఉండు. ఆ స్నేహితురాలితో నీకు పడదులే, నీ మనసు నాకు తెలుసు. నీ కళ్ళు అలసిపోయాయి, ఫోన్ ఇటివ్వు. ప్రతి జవాబుకీ పైన ఒక గుండె బొమ్మ కొంచెం కొంచెం నిండేది. ముద్రమ్మ వారమంతా ఆ మాటలు అతని తరఫున నొక్కుతూనే ఉంది. పదహారు వేసేయొచ్చు అని బుధవారానికే తేల్చేసింది. మాస్టారు కాగితం మీద అంకె కూడా పెన్సిల్‌తో వేసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం మాస్టారి మోచెయ్యి తగిలి టీ కప్పు కీబోర్డు మీద ఒలికింది. తుడిచి ఆరబెట్టాక అన్ని మీటలూ పనిచేశాయి, పరుగు మీట తప్ప. కొత్త కీబోర్డు కావాలంటే స్టోరు గదివాడు సంతకాలన్నీ పూర్తిచేసుకుని రేపిస్తానన్నాడు. ఆటలో ఇంకా తొక్కాల్సింది ఒకే ఒక్క దారి. ముద్రమ్మ విసుక్కుంది, మాస్టారిని నాలుగు అంది, చివరికి ఒక్కో వాక్యానికీ ఒక్కో నొక్కుడు చొప్పున నడిపించటానికి కూర్చుంది.

అన్ని దారుల్లోనూ వచ్చే ఘట్టం ఒకటుంది. పెళ్ళయ్యాక పొద్దున పూట ఆ అమ్మాయి బల్ల దగ్గర టీ పోస్తూ మాట్లాడుతుంది. ముద్రమ్మ దాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది. ఆ తరువాత ఎన్నిసార్లు వచ్చినా పరుగు పెట్టించింది. ఇప్పుడు చదవక తప్పలేదు. ఆ అమ్మాయి టీ పోసింది. బాగానే నిద్రపట్టిందండీ అంది. ఇవాళ ఇంట్లోనే ఉంటానండీ అంది. గొంతు అదే, నవ్వు అదే. ముద్రమ్మ వేలు ఆగిపోయింది. మొదటిసారి చదివినప్పుడు బల్ల మీద మూడో కప్పు ఉన్నట్టు, స్నేహితురాలు వస్తోందని ఆ అమ్మాయి అన్నట్టు లీలగా గుర్తు.

"మాస్టారూ, ఇక్కడ ఎవరో స్నేహితురాలు రావాలి కదా?"

మాస్టారు తన కాగితాలు తిరగేశాడు. మొదటి దారిలో తప్ప ఆ ఘట్టం గురించి ఆయనా ఏమీ రాసుకోలేదు. పాత ఘట్టమే కదా అని వదిలేశాడు.

ముద్రమ్మ భద్రం చేసిన చోట్లకు వెనక్కి వెళ్ళింది. మొదటి దారిలో పొద్దుటి ఘట్టం తెరిచింది. మూడు కప్పులు ఉన్నాయి. కిటికీ తెరిచి ఉంది. గుమ్మం పక్కన ఆ అమ్మాయి పనికి వేసుకెళ్ళే పసుపురంగు రబ్బరు బూట్లు ఉన్నాయి. దూరంగా పడవ కూత వినిపిస్తోంది. ఆ అమ్మాయి స్నేహితురాలి గురించి, రేవులో జరిగిన గొడవ గురించి ఆపకుండా వాగుతోంది. రెండో దారిలో అదే ఘట్టం తెరిచింది. కప్పులు రెండే. స్నేహితురాలి మాట లేదు, దాని బదులు అంతే పొడుగున్న ఇంకో మాట ఉంది. ఆ తరువాతి దారిలో బూట్లు లేవు. దాని తరువాత కిటికీ మూసి ఉంది. ఇంకో దారిలో పడవ కూత వినిపించలేదు. దారి దారికీ ఆ గదిలోంచి ఎవరో ఒక్కో వస్తువు తీసుకెళ్ళిపోతున్నట్టు ఉంది. ఆ అమ్మాయి మాత్రం టీ పోస్తూనే ఉంది, అదే గొంతుతో.

ఆట చేసినవాళ్ళు కావాలనే అలా చేశారు. పాత మాటలే అనుకుని అందరూ పరుగెత్తించే చోటే ఆ అమ్మాయిని కొంచెం కొంచెంగా చెరిపేశారు. ముద్రమ్మకు అది అర్థమయింది. అర్థమైనా ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే ఆ చెరిపిన వేలు తనదే. వారమంతా తియ్యటి మాటలు నొక్కిందీ తనే, ఆ తరువాత చూడకుండా పరుగెత్తించిందీ తనే.

తిరిగి చివరి దారికి వచ్చింది. గదిలో బల్ల, ఒక కప్పు, ఒక కుర్చీ. అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్ని దారుల్లో ఎప్పుడూ టీ వైపు చూసే మనిషి, ఇప్పుడు తెరలోంచి ఎదురుగా చూస్తోంది. బాగానే ఉన్నానండీ అంది. ముద్రమ్మ ఏ మీటా నొక్కలేదు. కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే యంత్రం ఆగింది. గదిలో రబ్బరు వాసన, మాస్టారి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేవు. నొక్కనిదే మాట రాకూడదు, ఆట పద్ధతి అది. అయినా వచ్చింది.

"ఇంకా ఉన్నారా?" అంది ఆ గొంతు. "ఇక్కడికొచ్చేసరికి అందరూ వెళ్ళిపోతారు."

మాస్టారి పెన్సిల్ కింద పడింది. తీసుకోవటానికి ఆయన వంగలేదు.

"పొద్దున నేనేం చెప్పానో మీకు గుర్తుందా?" అంది.

మామూలుగా ఇలాంటిచోట జవాబులు కనిపించాలి. ఏవీ కనిపించలేదు. అమ్మాయి అలాగే చూస్తూ, ఫరవాలేదులెండి, బాగానే ఉన్నాను అంది. తరువాత బొమ్మలో కుర్చీ మిగిలింది, మనిషి లేదు.

మాస్టారు అద్దాలు తీశాడు, తుడవలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. రక్తం గడి, బూతుల గడి, దెబ్బల గడి ఉన్న తన కాగితం వంక చూసి, "దీన్ని ఏ గడిలో రాయమంటారండీ?" అన్నాడు చాలా మెల్లగా.

ముద్రమ్మకు ఆయన మాట వినబడలేదు. ఆమె ఇంకో ప్రశ్నకు జవాబు వెతుక్కుంటోంది. ఇవాళ పొద్దున బస్సులో చెల్లెలు ఏం చెప్పింది? ఎంత తన్నుకున్నా ఒక్క ముక్క గుర్తురాలేదు. నిన్న? మొన్న? బస్సులో ఎవరో గొడుగు మరిచిపోవటం గుర్తుంది, చిల్లర తక్కువ వచ్చిందని కండక్టరుతో వాదించటం గుర్తుంది. చెల్లెలి మాట ఒక్కటీ లేదు. చెల్లెలు డ్రైవింగ్ స్కూలు కబుర్లు చెప్పటం ఎప్పుడు మానేసింది? ఆ పిల్ల నవ్వు ఆఖరున ఎప్పుడు విన్నది? చెల్లెలి ఇంటికి తను ఆఖరుసారి వెళ్ళింది ఎప్పుడో కూడా తెలియలేదు. మూడు మాటల్లో మగవాణ్ణి పట్టేస్తానన్న మనిషికి భయం వేసింది, నిజమైన భయం.

గది బయటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసింది. మరిది ఎత్తాడు.

"వదినగారూ, మీరా? అది పడుకుందండీ. కళ్ళు అలసిపోతున్నాయి, ఫోన్ నా దగ్గరే పెట్టుకుంటున్నాను. పొద్దున మీతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇస్తాను. మీకెందుకు శ్రమ, నేను చూసుకుంటానుగా."

ఎంత మెత్తని గొంతు! ముద్రమ్మ ఫోన్ పెట్టేసి తన బొటనవేలు వంక చూసుకుంది. లోపలికెళ్ళి బ్యాగు తీసుకుని, కాగితం మీద ఆ అంకె చెరిపేయమని మాస్టారికి చెప్పింది. ముద్ర వేయొద్దని, మొదటినుంచి మళ్ళీ చదవాలని అంది. ఏది చదవాలని ఆయన అడిగాడు. అంతా అని చెప్పి మెట్లు దిగింది.

చెల్లెలి ఇల్లు నాలుగు అంతస్తుల భవనంలో రెండో అంతస్తులో ఉంది. తలుపు మరిది తీశాడు. ముఖంలో ఆశ్చర్యం ఒక్క క్షణం కనిపించి, చిరునవ్వు దాని మీద పరుచుకుంది. హాలునిండా అట్టపెట్టెలు. ఒకే ఒక కుర్చీ బయట ఉంది, దాంట్లో చెల్లెలు కూర్చుని ఉంది. పడుకుందన్న మనిషి బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, జడ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రోజూ ఇంతే వదినగారూ" అన్నాడు మరిది నవ్వుతూ. "సాయంత్రమయ్యేసరికి ముస్తాబై కూర్చుంటుంది. ఎక్కడికే అంటే చెప్పదు. చిన్నపిల్ల వేషాలు."

ముద్రమ్మ ఒక పెట్టె మీద కూర్చుంది. మొదటిసారి ఆ ఇంటిని పరీక్షకు వచ్చిన ఆటను చూసినట్టు చూసింది. గోడ మీద మేకు ఉంది, డ్రైవింగ్ స్కూలువాళ్ళు చెల్లెలికి ఇచ్చిన ఫొటో లేదు. అది పెట్టెలో సర్ది ఉంటారనుకోవటానికి వీల్లేదు, ఫొటో ఆనవాలు కూడా మిగలకుండా మేకు చుట్టూ గోడకు ఎప్పుడో సున్నం వేసేశారు. తలుపు పక్కన కారు తాళాలు తగిలించే కొక్కెం ఖాళీగా తుప్పుపట్టింది. కిటికీ తెరలు మడతలకు పిన్నులు పెట్టి మూసి ఉన్నాయి. పక్కింటావిడ ఎలా ఉందని అడిగితే, ఆవిడతో మాకు పడదండీ అని మరిది చెప్పాడు. చెల్లెల్ని ఎలా ఉన్నావే అని అడిగితే, బాగానే ఉన్నానక్కా, ఆయన బాగా చూసుకుంటున్నారు అంది. బస్సులో రోజూ వినే గొంతే. ఎదురుగా వింటుంటే ఆ గొంతులో మనిషి లేదు. ముద్రమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. మింగేసింది.

మరిది కొండల మీది ఇంటి గురించి చెప్పసాగాడు. గాలి బాగుంటుందన్నాడు. చుట్టుపక్కల ఇళ్ళు లేవన్నాడు, మనిషికి మనిషి చాలు కదా అన్నాడు. ముద్రమ్మ వింటూ కూర్చుంది. చాలాసేపు చెప్పాక ఆయనకు మాటలు తరిగాయి. చీకటి పడేలోగా బయల్దేరితే మంచిదని, తనే బస్టాపుదాకా దింపుతానని అన్నాడు. ఫరవాలేదు కూర్చుంటానంది. మంచినీళ్ళు తెచ్చాడు. తాగలేదు. ఆయన చిరునవ్వు అలాగే ఉంది గాని, దాన్ని పట్టుకుని ఉండటానికి కష్టపడుతున్నట్టు దవడ బిగుసుకుంది. ఇంట్లో గడియారం కూడా సర్దేశారు కాబోలు, ఏ చప్పుడూ లేదు.

"నాతో వస్తావుటే?" అంది ముద్రమ్మ చెల్లెలితో.

"ఎక్కడికండీ, సర్దుడు సగంలో ఉంది" అన్నాడు మరిది.

"మిమ్మల్ని కాదు మరిదిగారూ. దాన్నడిగాను."

చెల్లెలు తలెత్తలేదు. మామూలు ముద్రమ్మ అయితే ఈపాటికి, సరేలే రేపు మాట్లాడుకుందాం అని లేచి ఉండేది. ఇవాళ లేవలేదు. అడిగిన మాట మళ్ళీ అడగలేదు, బతిమాలలేదు. మోకాళ్ళు పట్టేసినా పెట్టె మీదినుంచి కదలకుండా చెల్లెలి ముఖమే చూస్తూ ఉండిపోయింది. మరిది అటూ ఇటూ నడిచాడు, ఒక పెట్టెకు అంటించిన టేపు పీకి మళ్ళీ అంటించాడు. గదిలో వెలుతురు తగ్గింది. దీపం ఎవరూ వేయలేదు.

చెల్లెలు లేచింది. తలుపు వెనక చెయ్యిపెట్టి ఒక చిన్న సంచి తీసింది. ఆ సంచి అక్కడుందని మరిదికి తెలియదని ఆయన ముఖమే చెప్పింది.

ఆయన అడ్డం రాలేదు. అదే ముద్రమ్మకు అన్నిటికంటే భయం వేసిన సంగతి. వంగి చెల్లెలి చెప్పులు తెచ్చి, ఆమె పాదాల ముందు జతగా సర్ది పెట్టాడు. భుజం మీద శాలువా కప్పి, గొంతు దగ్గర కొసలు దగ్గరికి లాగి, ఆ పట్టు వదలకుండా కాసేపు నిలబడ్డాడు.

"వెళ్ళిరా. నాలుగు రోజులుండి రా. నేను ఎప్పుడైనా వద్దన్నానా? నేనే వచ్చి తీసుకొస్తాలే" అన్నాడు.

ముద్రమ్మ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది. అవి చల్లగా ఉన్నాయి. చెల్లెల్ని ముందు నడిపించి తను వెనక దిగింది. మెట్ల మలుపు దాటినా పైనుంచి తలుపు మూసిన చప్పుడు రాలేదు. వీధిలోకి వచ్చి తలెత్తి చూస్తే, పిన్నులు పెట్టిన ఆ తెర పక్కకు తొలగి ఉంది, ఆయన చెయ్యి ఊపుతున్నాడు.

బస్సులో జనం ఎక్కువగా లేరు. ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. చెల్లెలు శాలువా తీసి, మడతపెట్టి, పక్క సీటు మీద పెట్టి వదిలేసింది. చాలాదూరం వచ్చాక ముద్రమ్మకు దుఃఖం ఆగలేదు. కోపం కూడా వచ్చింది, ఆ మనిషి మీద, తన మీద, న్యాయం కాకపోయినా చెల్లెలి మీద కూడా.

"నాకు ఇవాళ్టిదాకా తెలియలేదే. ఒక్క ముక్క చెప్పి ఉంటే రెక్కలు కట్టుకుని వచ్చేదాన్ని కదే."

చెల్లెలు అక్క వంక వింతగా చూసింది. "చెప్పానుగా" అంది.

"ఎప్పుడు చెప్పావు?"

"పొద్దున ఫోన్లో. మొన్న సోమవారం. ఆయన పక్కనే ఉంటారుగా, ఆరోజు ఎవరో పిలిస్తే తలుపు దాకా వెళ్ళారు. అక్కా, ఊరు మారకముందే సాయంత్రం పూట వచ్చి నన్ను తీసుకెళ్ళు, ఇక్కడ ఉండలేను అన్నాను."

"నేనేమన్నాను?" అంది ముద్రమ్మ.

"సరేలే, వస్తాలే అన్నావు" అంది చెల్లెలు. ఆ గొంతులో నిష్ఠూరం వీసమెత్తు కూడా లేదు. "ఏరోజు వస్తావో అడుగుదామనుకునేలోపు ఆయన వచ్చేశారు. అందుకే రోజూ తయారై కూర్చున్నాను."